తొమ్మిదో నంబరు సీసా

“చప్పుడు వినిపించినప్పుడు టైమెంత?”

ట్రస్టు ఆఫీసులో కుర్చీ లాక్కుని కూర్చుంటూనే డిటెక్టివ్ అడిగిన మొదటి మాట అది. నమస్కారాలు, కుశలప్రశ్నలు ఆమె పద్ధతిలో లేవు. పోలీసు శాఖలో ఉన్న ఇరవై రెండేళ్ళూ ఇదే వరస. నిమిషం తేడా దొరికితే చాలు, ఎదుటి మనిషిని గంటల తరబడి కూర్చోబెడుతుందని తోటివాళ్ళు ‘గంటలమ్మ’ అని పేరు పెట్టారు. ఉద్యోగాన్ని ఆమె వదిలేసింది గానీ ఆ పేరు ఆమెను వదల్లేదు.

“నాలుగూ ఇరవై,” అంది ట్రస్టు నడిపే పెద్దావిడ, అందరూ అక్కగారనే మనిషి. “గడియారం నా ఎదురుగానే ఉంది.”

“అంతకు ముందు?”

“ఇక్కడే ఉన్నా. పేషెంట్ల ఇళ్ళవాళ్ళు రాసిన ఉత్తరాలు చదువుకుంటున్నా. కింద కేకలు వినిపించాక లిఫ్టులో దిగాను. అప్పటికే నర్సు వచ్చేసింది, జనం పోగయ్యారు.”

“ఈ మూడో అంతస్తులో మీతో ఇంకెవరున్నారు?”

“ఎవరూ లేరమ్మా. సెక్రటరీ సెలవు పెట్టింది. నేనొక్కదాన్నే.”

అక్కగారి ఒళ్ళో తమ్ముడి చొక్కా ఉంది. మాట రానప్పుడల్లా ఆయన గుండీ పట్టుకుని మెలితిప్పుతాడు. వారానికి రెండు గుండీలైనా ఊడతాయి. నాలుగు వందల మిషన్లు తిరిగే బట్టల మిల్లుకు యజమానురాలు, కేకేస్తే పది మంది వస్తారు. అయినా తమ్ముడి గుండీ ఆవిడే కుట్టాలి. కుట్టి, ముడి వేసి, కత్తెర చేతికందేంత దూరంలోనే ఉన్నా, తలవంచి పంటితో దారాన్ని పుటుక్కున తెంపింది.

“కత్తెర ఉందిగా,” అంది గంటలమ్మ.

“నలభై ఏళ్ళ అలవాటు. కుట్టేటప్పుడు ఒక చెయ్యి బట్ట మీద, ఒక చెయ్యి చక్రం మీద ఉండాలి. మూడో చెయ్యి దేవుడివ్వలేదు. పళ్ళిచ్చాడు.”

నవ్వబోయి మానేసింది ఆవిడ. ఆ నలభై ఏళ్ళూ ఒక్క మిషనుతో మొదలయ్యాయి. ఆ మిషను తెచ్చిచ్చింది తమ్ముడే, బస్సు కండక్టరుగా తొలి జీతం అందుకున్న రోజున. ఎనిమిదేళ్ళ కిందట డ్యూటీలో ఉండగా బస్సు బోల్తా పడి ఆయన తలకు దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది, నడక తిరిగొచ్చింది, మాట మాత్రం పోయింది. కుడిచెయ్యి పట్టు తప్పింది, చదవడం రాయడం కూడా మాటతోనే పోయాయి. అక్కగారు తన సంపాదనంతా పెట్టి ఈ మూడంతస్తుల పరిశోధన కేంద్రం కట్టించింది. మెదడు దెబ్బతిని మాట పోగొట్టుకున్న ఇరవై నలుగురి మీద ఇప్పుడిక్కడ ఒక కొత్త మాత్రను పరీక్షిస్తున్నారు. వాళ్ళలో ఆమె తమ్ముడూ ఒకడు.

నిన్న సాయంత్రం మందుల గది పెద్దాయన వెనక మెట్ల మీంచి కిందపడి తల పగలగొట్టుకున్నాడు. ఇంకా స్పృహ లేదు. నర్సు పరుగెత్తుకొచ్చేసరికి మెట్ల పైన ఈ తమ్ముడు నిలబడి ఉన్నాడు, చేతిలో మందు సీసా ఉంది. నువ్వే తోశావా అని ఇన్‌స్పెక్టర్ అడిగితే ఔనన్నాడు. ఈరోజు ఐదింటికి జైలు ఆస్పత్రికి తరలిస్తారు. గంటలమ్మ చేతి గడియారంలో ఇప్పుడు మూడున్నర.

“అక్కడికి పంపితే వాడు వారం బతకడమ్మా,” అంది అక్కగారు. “దాహమేస్తే నీళ్ళని అడగలేడు. ఎవడైనా కొడితే కొట్టాడని చెప్పలేడు. ఏమడిగినా ఔనంటాడు. ఎవరు చేసిన తప్పయినా ఆ ఔనుకి తగిలిస్తారు.”

“నేను వెతికితే నిజం వెతుకుతాను. అది ఏదైనా మీకు సమ్మతమేనా?”

రెండో గుండీకి ఎత్తిన సూది ఒక్క క్షణం గాల్లో ఆగింది.

“నా తమ్ముడు ఇంటికి రావాలి,” అంది అక్కగారు.

తన ప్రశ్నకు అది జవాబు కాదని గంటలమ్మకు తెలుసు. కానీ అప్పటికి ఊరుకుని లేచింది.

* * *

తమ్ముణ్ణి మొదటి అంతస్తులో, మాటలు నేర్పే గదిలో కూర్చోబెట్టారు. గుమ్మంలోనే ఇన్‌స్పెక్టర్ ఎదురయ్యాడు. ఒకప్పుడు ఈమె కింద పనిచేసినవాడే. ఆమె కుర్చీ ఖాళీ అయితే అందులో కూర్చున్నవాడూ ఇతనే.

“ఓహో, మేడమ్ గారు! రిటైరైన వాళ్ళకి కూడా డ్యూటీలు వేస్తున్నారన్నమాట.”

“రిటైరవలేదు. రాజీనామా ఇచ్చాను. ఎందుకిచ్చానో మీకు బాగా తెలుసు.”

అతనికి తెలుసు. చేయని దొంగతనానికి ఒక కాపలాదారు భయంతో ప్రతి ప్రశ్నకూ ఔనండీ అన్నాడు, ఆమె రాసుకుంది. అసలు దొంగ దొరికేసరికి ఆ మనిషి రెండేళ్ళు జైల్లో ఉన్నాడు. ఆ కాగితం మీద తన సంతకం చూసుకున్న రోజున గంటలమ్మ యూనిఫాం విప్పేసింది. ఈ కేసు ఒప్పుకోవడానికి వేరే కారణమేమీ లేదు.

“ఆ కేసు వేరు, ఇది వేరు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “మనిషి మెట్ల మీదే దొరికాడు. అడిగితే ఒప్పుకున్నాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు.”

గంటలమ్మ తమ్ముడి ఎదురుగా కూర్చుంది. అరవై ఏళ్ళుంటాయి. ఎడమచెయ్యి చొక్కా గుండీ మీద ఉంది.

“బాబూ, ఈ ఇన్‌స్పెక్టర్ గారు నీకు మేనమామ అవుతారా?”

“ఔను,” అన్నాడు తమ్ముడు వెంటనే. అన్నాక మొహం చిన్నబుచ్చుకున్నాడు. అది తను చెప్పదలుచుకున్నది కాదని అతని కళ్ళలోనే కనబడుతోంది.

“రాసుకోండి. నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ అంటాడు,” అంది గంటలమ్మ.

మూల నిలబడ్డ కానిస్టేబుల్ నవ్వు దాచుకోడానికి దగ్గాడు. ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి.

“ఔను ఒక్కటేనా, ఇంకేమైనా అన్నాడా నిన్న?”

“ఏముంది, పిచ్చి లెక్కలు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. కానిస్టేబుల్ నోటుబుక్కు తిప్పి చదివాడు. “‘ఎందుకు తోశావని అడగ్గా ముద్దాయి ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలు చెప్పెను. మరల అడగ్గా మరల తొమ్మిది వరకు చెప్పెను. మతిస్థిమితం లేనట్లు తోచెను.’ అంతే మేడమ్.”

“రెండుసార్లూ తొమ్మిది దగ్గరే ఆగాడా?”

“మూడుసార్లండి. మూడోది రాయలేదు.”

కిటికీ దగ్గర నిలబడ్డ అమ్మాయి గబుక్కున ఇటు తిరిగింది. ఇక్కడ పేషెంట్లకు మాట నేర్పే థెరపిస్టు. ఆమెను అందరూ మాటల టీచర్ అంటారు. రాత్రంతా ఏడ్చినట్టు కళ్ళు వాచి ఉన్నాయి.

“అవి పిచ్చి లెక్కలు కావండీ. ఆయనకి ఏ అంకె అయినా నేరుగా నోటికి రాదు. ఒకటి నుంచి మొదలుపెట్టి, కావాల్సిన అంకె దగ్గర ఆగుతాడు. మందుల కిటికీ దగ్గర ఎవరి సీసా నంబరు వాళ్ళే చెప్పి తీసుకోవాలని మా నియమం. అదీ ఒక అభ్యాసమే. ఈయన నంబరు పద్నాలుగు. రోజూ పద్నాలుగు దాకా లెక్కపెడతాడు, వెనక నిలబడ్డవాళ్ళు ఓపిగ్గా ఆగుతారు. ఎప్పుడూ తప్పు దగ్గర ఆగలేదు.”

“కండక్టరు కదా,” అంది గంటలమ్మ. “తలలు లెక్కపెట్టడమే వృత్తి. మరి తొమ్మిది ఎవరు?”

“బడి పంతులమ్మ. రెండో అంతస్తులో ఉంటుంది. భోజనాల దగ్గర ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు.”

గంటలమ్మ ఇన్‌స్పెక్టర్ వైపు చెయ్యి చాచింది. “నిన్న ఇతని చేతిలో దొరికిన సీసా చూపించండి.”

“అది సాక్ష్యం. బయటి వాళ్ళకి చూపించేది కాదు.”

“ముట్టుకోను. మీరే చూసి నంబరు చదవండి. కోర్టులో లాయరు అడిగితే ఎలాగూ చదవాలి.”

అతను విసుగ్గా సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. తీసి, చీటీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“తొమ్మిది,” అన్నాడు చివరికి.

“మీరు పద్నాలుగనుకున్నారు కదూ. ఇతని చేతిలో ఉంది కాబట్టి ఇతనిదే అనుకున్నారు. అన్నీ దగ్గరే ఉన్నా చూడలేదు.”

“మేడమ్,” అన్నాడతను పళ్ళ బిగువున. “ఐదింటికి బండి వస్తుంది. సీసా ఎవరిదైనా మనిషి ఇతనే.”

* * *

మందుల గది అదే అంతస్తు చివర ఉంది. తలుపు తీస్తే నాలుగడుగుల్లో వెనక మెట్లు. గంటలమ్మ ముందు మెట్లు చూసింది. మొదటి అంతస్తు నుంచి కిందికి పద్దెనిమిది మెట్లు. పై అంతస్తులకూ అవే మెట్లు వెళతాయి. ఇనుప కమ్మీకి ఒకచోట చొక్కా దారం చిక్కుకుని ఉంది. మెట్ల పైన నిలబడి కమ్మీ పట్టుకుంటే గుండీ తగిలే ఎత్తులోనే ఉంది. తమ్ముడు తొయ్యడానికి ముందుకు వంగలేదు, కమ్మీని కరుచుకుని నిలబడ్డాడు.

గదిలోకి వెళ్ళింది. అలమరలో ఒకే వరసలో సీసాలు. తొమ్మిదో స్థానం ఖాళీ, మిగతా ఇరవై మూడూ ఉన్నాయి. ఆర్నెల్లకు సరిపడా మాత్రలు మొదటి రోజే సీసాల్లో పోసి, ఒక్కోదానికీ నంబరు చీటీ పెట్టి, దాని మీద టేపు చుట్టింది మందుల గది పెద్దాయనే.

“మనిషి ఎలాంటివాడు?” అని అడిగింది వెంట వచ్చిన టీచర్ని.

“చాదస్తం,” అంది టీచర్. అని, కళ్ళు తుడుచుకుంది. “టేపు చివర మడత పెట్టకపోతే నిద్ర పట్టదు ఆయనకి. తర్వాత గోరుతో వెతుక్కోవాలి కదమ్మా, అంటాడు.”

గంటలమ్మ ఒక్కో సీసా తిప్పి చూసింది. ఒకటి, టేపు చివర మడత. రెండు, మడత. మూడు, నాలుగు, ఐదు, అన్నిటికీ గోరంత మడత, కత్తెరతో తిన్నగా కోసిన అంచు. పద్నాలుగు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. మడత లేదు. టేపు అంచు తిన్నగా లేదు. పీకి సాగదీసినట్టు అలలు అలలుగా ఉంది. పక్కనే రెండు చిన్న గుంటలు.

భూతద్దం తీయాల్సిన పనే లేకపోయింది. ఇది కత్తెర పని కాదు, పంటి పని.

ఇన్‌స్పెక్టర్ చేతిలోని కవరు గుర్తొచ్చింది. తొమ్మిదో సీసా మీద కూడా టేపుకు మడత లేదు. అప్పుడు చూసింది గానీ అర్థం కాలేదు.

“అన్ని సీసాల్లోనూ ఒకే మందా?” అంది.

“కాదండీ. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్తి పిండి మాత్ర. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఎవరిది ఏదో మాకెవరికీ తెలీకూడదు. తెలిస్తే వాళ్ళ మాటకి మార్కులు వేసేటప్పుడు చెయ్యి అటే మొగ్గుతుంది.”

“ఎవరో ఒకరికి తెలియాలిగా?”

“కాగితానికి తెలుసు. సీలు వేసిన కవరులో ఉంటుంది. ఆర్నెల్లూ నిండాకే విప్పాలి.”

“ఆ కవరు ఎక్కడుంది?”

“ట్రస్టు లాకర్లో,” అంటూనే మాటల టీచర్ పైకప్పు వంక చూసింది. తను చూసింది ఎటువైపో తనకే అప్పుడు తెలిసినట్టు మొహం పాలిపోయింది.

గంటలమ్మ తొందరపెట్టలేదు. “పంతులమ్మ ఎలా ఉంది ఈమధ్య?”

“మొదటి రెండు నెలలు బ్రహ్మాండం. కిటికీ అంది, పలక అంది, కూతుర్ని పేరు పెట్టి పిలిచింది. ఆ రోజు మేమంతా ఏడ్చాం. తర్వాత రెండు నెలల నుంచి ఒక్కోటీ పోతున్నాయి. ఇప్పుడు కూతురొస్తే చెయ్యి పట్టుకుని ఊరుకుంటుంది. మందు పనిచెయ్యడం లేదేమో అనుకున్నాం.”

“మందు పనిచేసింది. ఆవిడ దగ్గర్నుంచి తీసేశారు,” అంది గంటలమ్మ. “చీటీలు మార్చారు. తొమ్మిది పద్నాలుగైంది, పద్నాలుగు తొమ్మిదైంది. రోజూ సీసా పట్టుకునే తమ్ముడికి ఆ టేపు అంచు కనబడింది. అలాంటి అంచు నలభై ఏళ్ళుగా చూస్తున్నాడు కాబట్టి పోల్చుకున్నాడు. పక్కన కూర్చునే మనిషి మాటలు రాలిపోతుంటే చూడలేక, తొమ్మిదో సీసా తీసి పెద్దాయనకు చూపించాడు.”

టీచర్ బల్ల పట్టుకుని నిలబడింది. “అయితే మా పరీక్ష మొత్తం... నాలుగు నెలలండీ. ఇరవై నలుగురు. ఎంత ఆశ పెట్టుకున్నారో మీకు తెలీదు. ఇది బయటపడితే అంతా కొట్టేస్తారు.”

“బయటపడకపోతే ఐదింటికి ఒకడు జైలుకు పోతాడు.”

గంటలమ్మ పద్నాలుగో సీసాను చేతిలోకి తీసుకుంది. డబ్బుకోసం చేసిన పనైతే కోపం తెచ్చుకోవచ్చు. దీని మీద కోపం రావడం లేదు.

“చివరి ప్రశ్న. సాయంత్రం నాలుగూ ఇరవైకి ఈ లిఫ్టు ఎక్కడుంటుంది?”

“నాలుగు నుంచి నాలుగున్నర దాకా రెండో అంతస్తులో తలుపు తీసే ఉంచుతాం. చక్రాల కుర్చీలు టీకి దిగాలి కదా. ఇంకెవరూ వాడరు. అక్కగారు పెట్టిన నియమమే.”

లిఫ్టులో దిగానన్న అక్కగారి మాటను గంటలమ్మ మనసులోనే కొట్టేసింది.

* * *

ఐదుకు పది నిమిషాలుంది. మాటలు నేర్పే గదిలో ఇన్‌స్పెక్టర్ కాగితాలు సిద్ధం చేసుకున్నాడు. అక్కగారు చిన్న సంచీతో దిగొచ్చింది. అందులో దువ్వెన, తువ్వాలు, గుండీ కుట్టిన చొక్కా. ఎవరూ చెప్పకుండానే తమ్ముడి ఒంటిమీది చొక్కా విప్పి అది తొడిగింది. ఒక్కో గుండీ పెడుతుంటే ఆయన చిన్నపిల్లాడిలా గడ్డం పైకెత్తి నిలబడ్డాడు.

గంటలమ్మ పద్నాలుగో సీసాను బల్ల మీద, టేపు అంచు అక్కగారి వైపు ఉండేట్టు పెట్టింది.

అక్కగారు చూసింది. చేతులు గుండీ మీదే ఆగిపోయాయి.

“ఇన్‌స్పెక్టర్ గారూ, ఇతణ్ణి రెండే ప్రశ్నలు అడుగుతాను. ఔను కాదు అనేవి కావు. అంకెలతో చెప్పేవి.”

“ఇంకెవరో తోసి ఉంటే చెయ్యెత్తి చూపించొచ్చుగా? ఎడమచెయ్యి బానే ఉంది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“చూపించడం ఇష్టం లేకపోతే?” అంది గంటలమ్మ. తమ్ముడి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో మాటా విడదీసి అడిగింది. “బాబూ, నిన్న పెద్దాయన పడ్డప్పుడు మెట్ల మీద ఎంతమంది ఉన్నారు? నీతో కలిపి.”

ఆయన కళ్ళు మూసుకున్నాడు. బస్సులో తలలు లెక్కపెట్టినట్టు ఎడమచేతి వేలు గాల్లో కదిలింది.

“ఒకటి. రెండు. మూడు.”

ఆగాడు.

కానిస్టేబుల్ పెన్ను తీశాడు. ఇన్‌స్పెక్టర్ కుర్చీలో ముందుకు జరిగాడు. “మూడో మనిషా? నర్సు తర్వాత కదా వచ్చింది!”

“అందుకే రెండో ప్రశ్న. బాబూ, ఆ మూడో మనిషి ఏ అంతస్తు నుంచి దిగారు?”

అడిగాక గంటలమ్మ తల తిప్పి అక్కగారిని చూసింది. ఆవిడ నోటితోనే చెప్పడానికి ఇంకా వ్యవధి ఉంది. ఆ వ్యవధి కోసమే ఇలా అడిగింది. అక్కగారు చూపు తిప్పుకుని తమ్ముడి కాలరు సర్దింది.

“ఒకటి,” అన్నాడు తమ్ముడు. “రెండు.”

అక్కను చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. ఎడమచెయ్యి కొత్త గుండీ మీదికి పోయింది.

“రెండో అంతస్తు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ లేచి. “అక్కడుండేది పేషెంట్లేగా. ఆ పంతులమ్మ కూడా అక్కడేగా! సీసా ఆవిడది, గొడవ ఆవిడది. రాసుకోవయ్యా.”

“ఆగండి, ఆయన ఇంకా పూర్తి చెయ్యలేదు.”

తమ్ముడు ఇంక లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నుదుటి మీద చెమట పట్టింది. మెడ నరాలు పొంగాయి.

“రెండు,” అన్నాడు.

మాటల టీచర్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకటి అనకుండా, లెక్క మొదలుపెట్టకుండా, నేరుగా ఒక్క అంకె. ఎనిమిదేళ్ళలో ఎంతమంది ఎన్ని వందల గంటలు కూర్చున్నా రాని మాట. గదిలో దాని విలువ తెలిసింది ఇద్దరికే. ఒకరు టీచర్, రెండోది ఈ మాట కోసం ఒక భవనమే కట్టించిన మనిషి.

“రెండు,” అన్నాడాయన మళ్ళీ, అక్క కొంగు పట్టుకుని, బతిమాలుతున్నట్టుగా. తొలిసారి తనంతట తాను పలికిన మాటతో అబద్ధం చెబుతున్నాడు.

అక్కగారు ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నా తుడుచుకోలేదు. ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

“మూడు,” అంది. “మూడో అంతస్తు. వాడు లెక్క ఎప్పుడూ తప్పడండీ, నాకోసం తప్పాడు. కవరు విప్పింది నేను, చీటీలు మార్చింది నేను. నిన్న వెనక మెట్లు దిగేసరికి వీళ్ళిద్దరూ ఆ సీసాతో ఎదురయ్యారు, ఎవరికీ చెప్పెయ్యకయ్యా అని పెద్దాయన చెయ్యి పట్టుకుని లాగాను. ఆయన విదిలించుకుని పడ్డాడు. పంతులమ్మని ఏమీ అడక్కండి.”

ఇన్‌స్పెక్టర్ కాగితం మీది తమ్ముడి పేరు వంక చూసి, నెమ్మదిగా దాన్ని కొట్టేశాడు. తమ్ముడు మాత్రం అక్క కొంగు వదల్లేదు. రెండు, రెండు అంటూనే ఉన్నాడు.